మూన తిరిగే ఎముక: మణికట్టు అంటును ఎక్స్‌రేలో చదవడం

నెల్లూరులోనో ఒంగోలులోనో ఎముకల ఆసుపత్రి వరండాలో కాసేపు కూర్చుంటే ఒక దృశ్యం తప్పకుండా కంటబడుతుంది. కవరులోంచి ఎక్స్‌రే ఫిల్ము బయటికొస్తుంది, ట్యూబులైటు వైపు లేస్తుంది, చుట్టూ నాలుగు తలలు చేరతాయి. ఎముక తెల్లగా ఉంటే గట్టిపడినట్టే ఉందని ఒకరంటారు. నల్ల గీత కనబడితే ఇంకా అతకలేదేమోనని మరొకరు నసుగుతారు. లోపలి నుంచి పిలుపు వచ్చేలోపే వరండాలో తీర్పు అయిపోతుంది. ముంజేయి విరిగి పిండికట్టు వేయించుకున్న పిల్లవాడి విషయంలో ఈ తీర్పు చాలాసార్లు ఒప్పే అవుతుంది. మణికట్టులో వేరేచోటి ఎముక తెచ్చి పెట్టినప్పుడు, అంటే ఎముక అంటు వేసినప్పుడు మాత్రం అదే చూపు బోల్తా కొట్టిస్తుంది. అక్కడ మిలమిలా తెల్లగా ఉన్న భాగం చచ్చిపోయిన ఎముక కావచ్చు. మసకబారి, అంచులు చెదిరినట్టున్న చోట పని జోరుగా సాగుతూ ఉండవచ్చు.

కారణం సూటిగానే ఉంది. ఎక్స్‌రే కాల్షియాన్ని చూపుతుంది, అంతవరకే. ఎముకలో ఖనిజం ఎంత దట్టంగా ఉంటే కిరణాలు అంత తక్కువగా దాటుతాయి, ఆ చోటు ఫిల్ము మీద అంత తెల్లగా పడుతుంది. ఆ ఖనిజాన్ని అంటిపెట్టుకున్న కణాలు బతికి ఉన్నాయా, వాటికి రక్తం అందుతోందా అన్నది కిరణానికి పట్టదు. ఎక్స్‌రేను కనిపెట్టిన రాంట్‌జెన్ 1895 డిసెంబరులో భార్య చేతిని ఫోటో తీసిన నాటి నుంచి ఈ హద్దు అలాగే ఉంది. యంత్రాలు డిజిటల్ అయ్యాయి, బొమ్మ క్షణాల్లో కంప్యూటర్ తెర మీదికి వస్తోంది, తెలుపు నలుపుల అర్థం మాత్రం మారలేదు.

చివరి ఆయకట్టు ఎముక

మణికట్టులో రెండు వరసల్లో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. అంటు అవసరం ఎక్కువగా పడేది వాటిలో ఒకదానికే, బొటనవేలి మొదట్లో ఉండే స్కేఫాయిడ్‌కు. గ్రీకులో పడవ అనే మాట నుంచి ఆ పేరు వచ్చింది. మనకు పడవ కంటే జీడిపప్పు బాగా గుర్తుంటుంది. నిన్నమొన్నటి దాకా ప్రకాశం జిల్లాలోనే ఉన్న వేటపాలెం గుండు జీడిపప్పులో పెద్దది ఒకటి తీసుకుంటే ఆకారం, వంపు, కొలత అన్నీ కాస్త అటూ ఇటూగా ఈ ఎముకవే.

మణికట్టు చిన్న ఎముకల్లో విరిగేవాటిలో సగానికి పైగా ఇదే ఉంటుంది. విరిగే తీరు కూడా దాదాపు ఒకటే, పడబోతూ అరచెయ్యి నేలకు ఆన్చడం. బైకు జారినా, రొయ్యల చెరువు గట్టు మీద బురదలో కాలు జారినా, కబడ్డీలో పడినా ఒంటి బరువంతా ఈ జీడిపప్పు నడుం మీదికి వస్తుంది. విరిగినా చెయ్యి వంకర పోదు, పెద్దగా వాయదు. బొటనవేలు చాచినప్పుడు దాని మొదట్లో ఒక గుంట పడుతుంది. పూర్వం ముక్కుపొడి పోసుకుని పీల్చేవారే, ఆ గుంట. అందులో నొక్కితే నొప్పి ఉంటుంది, అంతే. మొదటి రోజు ఎక్స్‌రేలో గీత కనబడకపోవడం మామూలే. దాంతో బెణుకని తేల్చుకుని, నూనె రాసి, గుడ్డ చుట్టి పనిలో పడిపోతారు. ఏడాదో రెండేళ్లో గడిచాక, బరువెత్తితే మణికట్టు కలుక్కుమంటోందని వచ్చినప్పుడు ఫిల్ములో ఎముక రెండు ముక్కలుగా కనబడుతుంది. ముక్కల అంచులు నున్నగా, తెల్లగా, చెక్కి సానబెట్టినట్టుంటాయి. మధ్యలో ఖాళీ, పక్కన చిన్న చిన్న గుల్లలు. ఇక తనంతట తాను అతకలేనని ఎముక చెప్పుకుంటున్న గుర్తులివి.

ఎందుకు అతకదన్నది కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. స్కేఫాయిడ్ ఉపరితలాన్ని దాదాపు 80 శాతం మేర మృదులాస్థి కప్పి ఉంటుంది కాబట్టి రక్తనాళం దూరడానికి చోటు తక్కువ. గెల్బర్‌మన్, మెనన్ 1980లో ప్రచురించిన పరిశీలన ప్రకారం ఈ ఎముక లోపలి రక్తంలో 70 నుంచి 80 శాతం వెనుక వైపున్న ఒక గట్టు మీదుగా లోపలికి దిగి, అక్కడి నుంచి మోచేతి వైపుకు వెనక్కి నడుస్తుంది. మోచేతి వైపు కొసకు వేరే ఆధారం లేదు. సాగర్ కుడి కాలువ కింద ప్రకాశం జిల్లాలోని చివరి పొలాల పరిస్థితే దానిది. పైన ఎక్కడ గండి పడినా ముందు ఎండేది అదే. ఎముక నడుం దగ్గర విరిగితే కాలువ తెగిందన్నమాట. వేళ్ల వైపు ముక్క పచ్చగా ఉంటుంది, మోచేతి వైపు ముక్క ఎండుతుంది.

ఇలాంటప్పుడు ఖాళీలో కొత్త ఎముక పెట్టాలి. అందుకు రోగి సొంత ఎముకను మించింది లేదు. నడుం పక్కన, బెల్టు ఆనే చోట చేతికి తగిలే గట్టి అంచు తుంటి ఎముకది. అక్కడి నుంచి కానీ, అదే ముంజేతిలో బొటనవేలి వైపుండే రేడియస్ ఎముక కొస నుంచి కానీ ముక్క తీస్తారు. నున్నబడిన చచ్చు అంచులను రక్తం చెమర్చేదాకా గీకి, ముక్కను ఖాళీలో ఇరికించి, చిన్న స్క్రూతో బిగిస్తారు. ఎముక నడుం వంగి గూని పడినట్టుంటే అరచేతి వైపు నుంచి చీల ఆకారంలో ముక్కను దిగ్గొట్టి నిలబెడతారు. ఈ పనికి వాడే తలలేని స్క్రూ ఆస్ట్రేలియా శస్త్రవైద్యుడు టిమొతీ హెర్బర్ట్ 1984లో ప్రచురించిన పద్ధతి నుంచి వచ్చింది. దాని రెండు కొసల్లో మరల మధ్య దూరం వేరువేరుగా ఉంటుంది కాబట్టి తిప్పేకొద్దీ ముక్కలు ఒకదానికొకటి దగ్గరికి వస్తాయి. రక్తనాళంతో సహా ఎముక ముక్కను రేడియస్ నుంచి తిప్పి పెట్టే పద్ధతి కూడా ఉంది. చివరి ముక్క మరీ ఎండిపోయినప్పుడు దాన్ని ఆలోచిస్తారు.

మామిడి అంటు, వరి నాటు

ఈ ముక్కను ఎముక అంటు అనడం తెలుగులో అలవాటైంది. మాట బాగుంది కానీ కొంచెం దారి తప్పిస్తుంది. మామిడి అంటు కడితే బంగినపల్లి కొమ్మ బంగినపల్లిగానే ఉండిపోతుంది, కింద నాటు మొక్క ఏదైనా బతికినంత కాలం తన కాయే కాస్తుంది. ఎముక అంటు అలా ఉండిపోదు. తెచ్చి పెట్టిన ముక్కలోని కణాల్లో చాలాభాగం రక్తం అందక మొదటి రోజుల్లోనే చనిపోతాయి. మిగిలేది ఖనిజపు గూడు. చుట్టుపక్కల నుంచి రక్తనాళాలు ఆ గూట్లోకి పాకుతాయి, వాటి వెంట రెండు రకాల కణాలు వస్తాయి. ఆస్టియోక్లాస్టులు పాత ఎముకను తొలిచేస్తాయి, ఆస్టియోబ్లాస్టులు కొత్తది కడతాయి. కాపురం ఖాళీ చేయకుండానే పాత ఇంటి కప్పులో వాసం తర్వాత వాసం మార్చుకుంటూ పోవడం లాంటి పని ఇది. పూర్తయ్యేసరికి ఇల్లు ఉన్నచోటే ఉంటుంది, పాత కర్రల్లో మిగిలేవి తక్కువ.

అంటు కంటే నాటు దీనికి దగ్గరి పోలిక. మడిలోంచి పీకి నాటిన వరి నారు మొదట వాలుతుంది, పసుపెక్కుతుంది, కొత్తగా చూసేవాళ్లను భయపెడుతుంది. వేరు పట్టాక మూన తిరుగుతుంది, అంటే తేరుకుని మళ్లీ పచ్చబడుతుంది. పెట్టిన ఎముక కూడా ఈ వాలే దశను దాటాలి. నారుకు రోజులు పట్టేచోట ఎముకకు నెలలు పడతాయి, తేడా అంతే.

ఎక్స్‌రే చదివేవాళ్లను తికమకపెట్టే అసలు సంగతి ఈ మార్పిడిలోనే ఉంది. పెట్టిన ముక్క ఏ రకం ఎముక అన్నదాన్నిబట్టి తెలుపు పెరగడమూ తగ్గడమూ ఉంటుంది. స్పంజిలాంటి లోపలి ఎముకలో ఖాళీలు ఎక్కువ కాబట్టి రక్తనాళాలు త్వరగా దూరతాయి, కట్టే కణాలు ముందే పనిలోకి దిగుతాయి. చచ్చిన సన్నని కమ్మీలను తీయకుండా వాటి మీదే కొత్త ఎముకను పూతలా పూస్తాయి. పాతదీ ఉంది, పైన కొత్తదీ చేరింది, అందువల్ల మొదట్లో ఆ చోటు తెల్లబడుతుంది. తర్వాత లోపలి చచ్చు కమ్మీలు కరిగేకొద్దీ తెలుపు మామూలు స్థాయికి దిగుతుంది.

గట్టి పైపెంకు ఎముకది దీనికి ఎదురు వరస. చీమకుర్తి క్వారీలో రాయి కదలాలంటే ముందు బెజ్జాలు వేయాల్సినట్టే, అక్కడ రక్తనాళం నడవాలంటే ముందు సొరంగం తవ్వాలి. తొలిచే కణాలు ముందు వస్తాయి. నెలల తరబడి ఫిల్ములో పెంకు పలచబడి, గుల్లబారినట్టు కనబడుతుంది. ఆ కాలంలో అది నిజంగానే పెట్టిన రోజు కంటే బలహీనంగా ఉంటుంది, సొరంగాలు తర్వాత నిండుతాయి. తుంటి నుంచి తీసిన చీలలో ఈ రెండు రకాలూ ఉంటాయి. లోపలంతా స్పంజి, ఒక అంచున పెంకు. ఒకే ముక్కలో ఒక భాగం తెల్లబడుతూ, దాన్ని ఆనుకున్న మరో భాగం నల్లబడుతూ ఉండవచ్చు. రెండూ మానడంలో భాగమే. ఏ భాగం ఏ రకమో తెలియకుండా తెలుపును కొలవడం కొలతపాత్ర చూడకుండా ధాన్యం ధర చెప్పినట్టుంటుంది.

ఫిల్ము వెంట ఫిల్ము

ఉదాహరణకు కావలి దగ్గర రొయ్యల చెరువుల మీద పనిచేసే పాతికేళ్ల యువకుణ్ని అనుకుందాం. రెండేళ్ల నాటి పాత విరుపు, తుంటి నుంచి తీసిన చీల, ఒక టైటానియం స్క్రూ. మనిషి కల్పితం, ఫిల్ములు మాత్రం ఎముకల వైద్యులకు బాగా తెలిసినవే.

ఆపరేషన్ రోజు ఫిల్ములో అన్నీ కొట్టొచ్చినట్టు కనబడతాయి. అంటుకు రెండు హద్దులున్నాయి, వేళ్ల వైపు ఒకటి, మోచేతి వైపు ఒకటి. రెండూ బ్లేడుతో కోసినట్టు నిక్కచ్చిగా ఉంటాయి. స్క్రూ మార్కాపురం పలక మీద బలపాన్ని గట్టిగా నొక్కి గీసిన గీతలా ఉంటుంది. అరచేతి వైపు చీల పెంకు సన్నని తెల్లంచుగా మెరుస్తుంది. చూడ్డానికి ఇంత శుభ్రమైన ఫిల్ము ఈ వరసలో ఇంకొకటి ఉండదు, అందుకే ఇంటివాళ్లు పని అయిపోయిందనుకుంటారు. నిజానికి ఇది శంకుస్థాపన నాటి ఫోటో. తర్వాతి ఫిల్ములను దీని పక్కన పెట్టి చూసినప్పుడే దేనికైనా అర్థం వస్తుంది. సెలవుల్లో ఇల్లు సర్దుతూ దీన్ని పారేసినవాళ్లు సగం సమాచారాన్ని పారేసినట్టే.

రెండు వారాలకు కుట్లు తీసేటప్పటి ఫిల్ములో ఎముక గురించి కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ లేదు. ముక్క జారిందా, స్క్రూ కదిలిందా అని చూసుకోవడానికే అది.

ఆరు వారాల ఫిల్ము కంగారు పెట్టే ఫిల్ము. కట్టులో కదలిక లేక మణికట్టులోని మిగతా ఎముకలు కాల్షియం కోల్పోయి, ఉతికి ఉతికి వెలిసిన బట్టల్లా ఉంటాయి. అంటు హద్దులు చెదిరిపోయి, ఒక్కోచోట మొదటి రోజు కంటే సందు పెరిగినట్టు కూడా తోస్తుంది. అంచుల్లోని చచ్చు ఎముకను తొలిచే కణాలు ఊడ్చేస్తున్న దశ ఇది, నారు వాలిన రోజులన్నమాట. ఇంకో పక్క మోచేతి వైపు ముక్క ఒక్కసారిగా తెల్లబడినట్టు కనబడుతుంది. చాలాసార్లు అది తెల్లబడి ఉండదు, చుట్టూ ఉన్నవి నల్లబడి ఉంటాయి. రక్తం తిరిగే ఎముకలోంచే కాల్షియం బయటికి పోగలదు. రక్తం అందని ముక్కలో ఉన్నది ఉన్నట్టే ఉండిపోతుంది. కరువు కాలంలో ఊరంతా ఖర్చుపెట్టి చిక్కిపోతే, బీరువా తాళంచెవి పోగొట్టుకున్నవాడు ధనవంతుడిగా మిగిలినట్టు. అతని సొమ్ము అతనికీ అక్కరకు రాదు. ఆ ముక్క తెలుపు కూడా అంతే.

మూడు నెలల ఫిల్ములో వేళ్ల వైపు హద్దును దాటి సన్నని ఎముక గీతలు అంటులోకి సాగడం మొదలవుతుంది. చూపంతా పెట్టాల్సింది వీటి మీద. ఎముక లోపలి అల్లిక ఇటు నుంచి అటు తెగకుండా నడిచిందంటే ఆ చోట అతుకు పడింది. చుట్టూ తెలుపు ఎంత ఉన్నా గీతలు హద్దు దగ్గర ఆగిపోతే పడలేదు. మోచేతి వైపు హద్దు వెనకబడుతుంది, చివరి ఆయకట్టు కదా. మన యువకుడి ఫిల్ములో అక్కడ ఇంకా ఒక నల్ల గీత మిగిలే ఉంటుంది. ఒక హద్దు చూసి రెండూ అతికాయనుకుని బరువులు ఎత్తడం ఈ దశలో జరిగే పెద్ద పొరపాటు. స్క్రూ పట్టుకుని ఉంది కాబట్టి నొప్పి కూడా ఉండకపోవచ్చు. నొప్పి లేదన్న ధైర్యంతో మేత బస్తాలు మోయడం మొదలుపెడితే వంగేది స్క్రూ, చితికేది అంటు.

ఆరు నెలలకు గీతలు రెండో హద్దును కూడా దాటడం మొదలవుతుంది. చెయ్యి వాడకంలోకి వచ్చింది కాబట్టి చుట్టూ ఉన్న ఎముకలు పోయిన కాల్షియాన్ని తిరిగి తెచ్చుకుంటాయి. అంటు తెలుపు కొంత దిగుతుంది. ఇవి పైకి, అది కిందికి, రెండూ ఒకే రంగుకు చేరువవుతాయి. ఈలోగా మోచేతి వైపు ముక్క మసకబారితే ఇంటివాళ్లు దిగులు పడతారు, డాక్టరు ముఖం విప్పారుతుంది. చచ్చిన ముక్కను తొలవడానికి కణాలు వచ్చాయంటే వాటిని మోసుకొచ్చిన రక్తం కూడా వచ్చిందనే కదా. ఒకే ఫిల్ము, ఒకే మసక, ఇద్దరికీ వేరువేరు కబురు.

తెలుపు మోసం, ఫ్లోరైడ్ మెలిక

తెలుపును నమ్మి దెబ్బతినడానికి మణికట్టులోనే పాత ఉదాహరణ ఒకటుంది. వియన్నా రేడియాలజిస్టు రాబర్ట్ కీన్‌బోక్ 1910లో ఒక జబ్బును వర్ణించాడు. స్కేఫాయిడ్ పక్కనే ఉండే ల్యూనేట్ అనే ఎముక రక్తం అందక కూలిపోవడం దాని లక్షణం. కూలిపోవడానికి ముందు ఆ ఎముక ఫిల్ములో ఇరుగుపొరుగు ఎముకలన్నిటి కంటే తెల్లగా వెలుగుతుంది.

ఇక నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎముక తెలుపును చదివేటప్పుడు అదనంగా ఒక మెలిక ఉంది. మనదేశంలో ఎముకలను పట్టే ఫ్లోరోసిస్‌ను వైద్య పత్రికలు మొదట వర్ణించింది ఈ నేల మీదే. షార్ట్, ఆయన తోటి వైద్యులు 1937లో నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగుల గురించి రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి ఇటు వచ్చాయి. కనిగిరి వైపు ఊళ్లలో బోరునీళ్ల ఫ్లోరైడ్ కథ ఇంకా ముగియలేదు.

ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవాళ్లలో వెన్నెముక, తుంటి ఎముకలు ఫిల్ములో సుద్దలా తెల్లగా కనబడతాయి. ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పొరకు కాల్షియం పట్టి ముళ్లకంచెలా అంచు దేరుతుంది. ఫ్లోరోసిస్‌ను పట్టిచ్చే గుర్తుల్లో పేరున్నది ఇదే. అంత తెల్లగా ఉన్న ఎముక బలంగా ఉంటుందా అంటే, పెళుసుగా ఉంటుంది. మణికట్టుకు అంటు తీసేది తుంటి నుంచే కాబట్టి దీని పర్యవసానం ఊహించడం కష్టం కాదు. అలాంటి మనిషిలో పెట్టిన ముక్క మొదటి రోజే చుట్టుపక్కల ఎముక కంటే బాగా తెల్లగా ఉండవచ్చు. ఆరు నెలల తర్వాత ఆ తెలుపును చూసి రక్తం అందలేదనుకోవడమూ తప్పే, బాగా గట్టిపడిందనుకోవడమూ తప్పే. ఫ్లోరైడ్ ఊళ్ల నుంచి వచ్చిన రోగికి ఒక్కసారి ముంజేయి మొత్తం పడేలా ఫిల్ము తీయిస్తే ఈ తికమక మొదట్లోనే తేలిపోతుంది. పెద్ద ఖర్చూ లేదు.

తలుపు సందు

స్కేఫాయిడ్ అరచేతి వైపుకు వాలి ఏటవాలుగా పడుకుని ఉంటుంది. సూటిగా ఫిల్ము తీస్తే కురచగా, తన మీద తనే ముడుచుకున్నట్టు పడుతుంది. అందుకే మణికట్టును చిటికెన వేలి వైపు వంచి ప్రత్యేకంగా ఒక ఫిల్ము తీస్తారు. అప్పుడు ఎముక నిడివిగా సాగి కనబడుతుంది. ఇలా తీసినా కిరణం సందు గుండా సూటిగా వెళ్తేనే నల్ల గీత పడుతుంది. మూసిన తలుపు సందుకు ఎదురుగా నిలబడితే అవతలి వెలుగు కనబడుతుంది, రెండడుగులు పక్కకు జరిగితే తలుపు పూర్తిగా మూసుకున్నట్టుంటుంది. ఫిల్ములోనూ అంతే. పోయినసారి కనబడిన గీత ఈసారి మాయమైందంటే ఎముక అతికి ఉండవచ్చు, చెయ్యి పెట్టిన కోణం అయినా మారి ఉండవచ్చు. ప్రతిసారీ ఒకే భంగిమలో చేయి పెట్టించే టెక్నీషియన్ విలువ ఇక్కడ తెలుస్తుంది. ఒంగోలులో ఒకసారి, కందుకూరులో ఒకసారి, ఊరు మారినప్పుడల్లా ఒకసారి తీయించిన ఫిల్ములను వరసబెట్టి పోల్చడం అంత తేలిక కాదు.

అనుభవం ఉన్నవాళ్లు చూస్తే సరిపోతుందా? డయాస్, సహచరులు 1988లో ప్రచురించిన పరిశీలనలో స్కేఫాయిడ్ విరిగిన 12 వారాల తర్వాతి ఎక్స్‌రేలను చూసి అతికిందో లేదో చెప్పడంలో నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం సరిగ్గా కుదరలేదు. అవి మామూలు విరుపుల ఫిల్ములు. అంటు, స్క్రూ కూడా ఉన్నచోట చిక్కు ఇంకా ఎక్కువ, ఎందుకంటే స్క్రూ నీడలో ఎముక ఎంతో కొంత దాగిపోతుంది. అందుకే పని కీలకమైన మలుపులో ఉన్నప్పుడు, అంటే కట్టు తీసి చేతికి పని చెప్పాలా వద్దా అన్నప్పుడు, సీటీ స్కాన్ తీయిస్తారు. ఎముక నిడివి వెంట సన్నని పొరలుగా చూపిస్తుంది కాబట్టి ఏ హద్దు ఎంతమేర దాటిందో లెక్కగట్టవచ్చు. అడ్డుకోతలో సగానికి పైగా ఎముక దాటి ఉంటే చేతిని మెల్లగా వాడకంలోకి తేవచ్చన్నది చాలామంది సర్జన్లు పాటించే లెక్క. సీటీ కూడా కాల్షియాన్నే చూస్తుంది. రక్తం సంగతి తెలుసుకోవాలంటే ఎంఆర్‌ఐ దగ్గరికి వెళ్లాలి, అది కూడా స్క్రూ పెట్టక ముందైతే చదవడం సులువు.

ఇప్పుడు ఇంకో రకం ఫిల్ము వచ్చింది. కిటికీ అద్దానికి ఆనించి ఫోనుతో తీసి వాట్సాప్‌లో హైదరాబాదులోని బంధువుకు పంపేది. ఫోను తన ఇష్టప్రకారం వెలుగు పెంచుతుంది, తగ్గిస్తుంది, వెనుక ఉన్న కొబ్బరిచెట్టు నీడను కూడా ఎముకలో కలిపేస్తుంది. అసలు డిజిటల్ బొమ్మనే కంప్యూటర్‌లో ఎంత తెల్లగా కావాలంటే అంత తెల్లగా మార్చుకోవచ్చు. తెలుపు మీద ఆధారపడిన ఏ తీర్పూ ఇలాంటి ఫోటోలో నిలబడదు. గీతలు దాటాయా అన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకడం అదృష్టం.

మూన తిరగని నాటు

విఫలమయ్యే అంటు కూడా ఫిల్ములో తన తీరు తాను చూపుతుంది, దానికి తొందర మాత్రం ఉండదు. మొదట కనబడేది మార్పు లేకపోవడం. మూడు నెలల ఫిల్ము, అయిదు నెలల ఫిల్ము పక్కపక్కన పెడితే కవలల్లా ఉంటాయి. అదే సందు, అదే తెలుపు. తర్వాత సందు అంచులు మళ్లీ నున్నబడి తెల్లబడతాయి, ఆపరేషన్‌కు ముందున్న అవతారమే తిరిగి వస్తుంది. స్క్రూ చుట్టూ నల్లని గీత కట్టినట్టు ఖాళీ ఏర్పడితే అది లోపల ఆడుతోందని అర్థం, వదులైన మేకు చుట్టూ గోడలో బెజ్జం పెద్దదయినట్టు. స్క్రూ కొస ఎముక దాటి కీలులోకి తొంగిచూస్తే ఆగడానికి వీల్లేదు, మృదులాస్థిని గీకేస్తుంది. చీల చితికి ఎముక మళ్లీ గూని పడితే పక్క నుంచి తీసిన ఫిల్ములో తెలుస్తుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే అరుగుదల బొటనవేలి వైపు రేడియస్ మొనతో మొదలై మణికట్టు మధ్యలోకి పాకుతుంది. అప్పటికి అంటు గురించి మాట్లాడే దశ దాటిపోతుంది.

పొగ తాగేవాళ్లలో ఈ ఆపరేషన్ విఫలమయ్యే అవకాశం ఎక్కువని తెలుసు. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుస్తుంది, అసలే ఒక్క కాలువ మీద బతికే ఎముకకు అది రెండో గండి. దేశమంతటికీ వర్జీనియా పొగాకు పండించి పంపే ప్రకాశం జిల్లాలో ఈ మాట చెప్పడం కొంచెం ఇబ్బందే అయినా, ఆపరేషన్ ముందు వారాల్లోనూ తర్వాత నెలల్లోనూ చుట్ట, బీడీ, సిగరెట్టు, గుట్కా అన్నీ మానాలి. గుట్కాలో పొగ లేదు కదా అన్న వాదన రక్తనాళాల దగ్గర చెల్లదు.

సొంత ఎముక చాలనప్పుడో, తుంటి కోయడం ఇష్టం లేనప్పుడో కృత్రిమ పూరకాలు కొన్ని వాడతారు. వీటి ఎక్స్‌రే లెక్క పూర్తిగా వేరు. కాల్షియం సల్ఫేట్ అంటే పిండికట్టు పొడికి బంధువే. మొదటి రోజు ఎముక కంటే తెల్లగా మెరిసి, కొన్ని వారాల నుంచి నెలల్లో అంచుల నుంచి కరిగిపోతుంది. ఆ చోటికి ఎముక వచ్చినా రాకపోయినా అది కరిగే తీరుతుంది కాబట్టి తెలుపు తగ్గడాన్ని శుభమనీ అశుభమనీ అనలేం. ఎముకలోని ఖనిజాన్ని పోలిన హైడ్రాక్సీఅపటైట్ అయితే ఏళ్ల తరబడి తెల్లగా అలాగే ఉంటుంది. ఎక్స్‌రే చీటీలో ఏం పెట్టారో రాయకపోతే చదివేవాళ్లు చీకట్లో తడుముకోవాల్సిందే.

కావలి యువకుడి ఏడాది ఫిల్ము మిగిలింది. మానిన స్కేఫాయిడ్‌లో అంటు ఎక్కడ పెట్టారో వెతుక్కోవాలి. హద్దులు పోయాయి, తెలుపు చుట్టుపక్కల కలిసిపోయింది, అల్లిక గీతలు ఒక కొస నుంచి మరో కొసకు నడుస్తున్నాయి. అరచేతి వైపు పెంకు ఉన్నచోట మాత్రం ఇంకొంత కాలం మందంగా కనబడవచ్చు, అది మారడానికి ఏళ్లు పడుతుంది. స్క్రూ అలాగే ఉంటుంది, ఇబ్బంది పెట్టకపోతే దాన్ని తీయరు. ఎప్పుడో నడుంనొప్పికి తుంటి ఎక్స్‌రే తీయించినప్పుడు, బెల్టు ఆనే ఆ గట్టి అంచులో వేలెడు వెడల్పున చిన్న నొక్కు కనబడుతుంది. మణికట్టుకు పోయిన ముక్క అక్కడిదే.